మాత్ర మొదలుపెట్టాక గౌట్ నొప్పి మళ్లీ వచ్చింది... మానేయాలా?

ప్రశ్న: నా వయసు 47. రైస్‌మిల్లులో గుమాస్తాగా చేస్తున్నాను. ఏడాదిన్నరలో నాలుగుసార్లు కుడికాలి బొటనవేలు ఎర్రగా వాచి, అడుగు తీసి అడుగు వేయలేకపోయాను. యూరిక్ యాసిడ్ 9.2 ఉందని అల్లోప్యూరినాల్ 300 ఎంజీ రాశారు. మూడో వారంలోనే మళ్లీ నొప్పి రావడంతో మానేశాను. బీపీ మాత్ర వాడుతున్నాను. పప్పు, పాలకూర, టమాటా ముట్టుకోవద్దని ఇంట్లో అంటున్నారు. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

సలహా: మీరు చెప్పిన లక్షణాలు గౌట్‌వే, అంటే యూరిక్ యాసిడ్ వల్ల వచ్చే కీళ్లవాపువే. దుప్పటి అంచు తగిలినా ప్రాణం పోయినట్టుంటుంది. ఒక కాలికి చెప్పు వేసుకుని, రెండోది చేత్తో పట్టుకుని వచ్చే పేషెంట్లను చూస్తూనే ఉంటాను.

మాత్ర పనిచేయలేదనుకుని మానేశారు. అసలు అది పనిచేయడం మొదలైంది కాబట్టే నొప్పి వచ్చి ఉండొచ్చు. రక్తంలో యూరిక్ యాసిడ్ సుమారు 6.8 దాటితే కీళ్లలో సూదుల్లాంటి స్ఫటికాలుగా పేరుకుంటుంది. మందుతో ఆ స్థాయి ఒక్కసారిగా పడిపోతే పాత స్ఫటికాలు కదిలి వాపు తెస్తాయి. అందుకే మేం సాధారణంగా 100 ఎంజీ, కిడ్నీ సమస్య ఉంటే ఇంకా తక్కువతో మొదలుపెట్టి, కొన్ని వారాలకోసారి రక్తపరీక్ష చూస్తూ పెంచుతాం. మొదటి మూడు నుంచి ఆరు నెలలు ఆ నొప్పి రాకుండా తోడుగా కాల్చిసిన్ అనే మందు చిన్న డోసులో ఇస్తాం. మీకు ఆ తోడు మందు ఇచ్చారో లేదో రాయలేదు.

పాత స్ట్రిప్‌లో మిగిలినవి తీసి మీరే వేసుకోకండి. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చేయించి, డాక్టర్‌తో మాట్లాడి తక్కువ డోసుతో మళ్లీ మొదలుపెట్టండి. యూరిక్ యాసిడ్ 6 కంటే తక్కువకు రావాలి, అక్కడే ఉండాలి. ఏళ్ల తరబడి వాడాల్సిన మందు ఇది. ఒకసారి కుదిరాక మధ్యలో నొప్పి వచ్చినా ఆపకూడదు. ఒక్క విషయంలో మాత్రం ఆలస్యం వద్దు: ఒంటిమీద దద్దుర్లు, నోట్లో పుండ్లు వస్తే వెంటనే ఆపేసి ఆసుపత్రికి వెళ్లండి.

నొప్పి వచ్చిన రోజు కాలు ఎత్తులో పెట్టి, ఐస్‌ను గుడ్డలో చుట్టి పెట్టండి. వేడి నూనెతో మర్దన వద్దు. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే పెయిన్‌కిల్లర్లు బీపీ ఉన్నవాళ్ల కిడ్నీలకు మంచివి కావు. జ్వరం, చలి కూడా ఉంటే కీలులో ఇన్‌ఫెక్షన్ కావచ్చు, అదే రోజు చూపించుకోవాలి. నొప్పిలో ఉన్నప్పుడు చేసిన పరీక్షలో యూరిక్ యాసిడ్ నార్మల్‌గా కనిపించవచ్చు. రెండు వారాలాగి మళ్లీ చేయించండి.

పాపం, పప్పు ఏం చేసింది? పప్పు, పాలకూర నిశ్చింతగా తినండి. టమాటా పడట్లేదని మీకే అనిపిస్తే తప్ప మానక్కర్లేదు. తగ్గించాల్సినవి కార్జం, వేటమాంసం, రొయ్యలు, ఎండుచేపలు, కూల్‌డ్రింకులు. బీరు అలవాటుంటే మానేయండి. అయితే పథ్యంతో తగ్గేది కొంచెమే, 9.2ని ఆరుకు దించేది మందే.

చివరగా మీ బీపీ మాత్ర. పేరు చివర ‘హెచ్’ ఉంటే అందులో చాలావరకు హైడ్రోక్లోరోథయజైడ్ అనే మందు ఉంటుంది. అది యూరిక్ యాసిడ్‌ను పెంచుతుంది. మీరుగా మానేయొద్దు. లోసార్టాన్ లాంటిదానికి మార్చవచ్చేమో డాక్టర్ చూస్తారు, ఈసారి వెళ్లేటప్పుడు ఆ స్ట్రిప్ కూడా జేబులో వేసుకెళ్లండి.