ఆల్కహాల్‌ను ఆల్డిహైడ్ దగ్గర ఆపాలంటే

చిరంజీవికి ఆశీస్సులు.

ప్రైమరీ ఆల్కహాల్ నుంచి ఆల్డిహైడ్ తీయబోతే ప్రతిసారీ కార్బాక్సిలిక్ ఆమ్లమే వస్తోందని, ఏ కారకం వాడాలో చెప్పమని రాశావు. కారకం ఎంపిక తరువాతి మాట. ముందుగా హైడ్రాక్సిల్ (OH) ఉన్న కార్బన్ మీద ఎన్ని హైడ్రోజన్లు ఉన్నాయో (ప్రైమరీలో కనీసం రెండు, సెకండరీలో ఒకటి, టెర్షియరీలో ఏమీ ఉండవు), ఫ్లాస్కులో నీరు ఉందో లేదో చూసుకో.

ఆక్సీకరణిగా వాడే క్రోమిక్ ఆమ్లంతో కలిసినప్పుడు ఆల్కహాల్ మొదట క్రోమేట్ ఎస్టర్‌గా మారుతుంది. ఆపైన అదే కార్బన్ మీది హైడ్రోజన్ ప్రోటాన్‌గా తొలగిపోగా, క్రోమియం ఎలక్ట్రాన్లను తీసుకుని విడిపోయి, కార్బన్-ఆక్సిజన్ ద్విబంధం ఏర్పడుతుంది. టెర్షియరీ ఆల్కహాల్‌లో ఆ హైడ్రోజనే లేదు కనుక చర్య జరగదు, క్రోమియం ద్రావణపు నారింజ రంగు ఆకుపచ్చగా మారదు. సెకండరీ ఆల్కహాల్ కీటోన్ దగ్గర ఆగుతుంది, దానితో పెద్దగా చిక్కులేదు. చిక్కంతా ప్రైమరీతోనే. నీరు ఉన్నచోట ఆల్డిహైడ్ నీటి అణువును కలుపుకుని హైడ్రేట్‌గా మారుతుంది. దానిలో ఒకే కార్బన్ మీద రెండు హైడ్రాక్సిళ్లు, ఇంకా ఒక హైడ్రోజన్ ఉంటాయి కాబట్టి, ఆక్సీకరణికి అది మరో ఆల్కహాలే. క్రోమిక్ ఆమ్లాన్ని సజల సల్ఫ్యూరిక్ ఆమ్లంతో వాడే జోన్స్ పద్ధతిలో ఆమ్లం రావడం నీ చేతి లోపం కాదు.

చిన్న అణువులైతే స్వేదనం చాలు. 1-ప్రొపనాల్ 97 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరిగితే ప్రొపనాల్డిహైడ్ 49 దగ్గరే మరుగుతుంది. వేడి ఆల్కహాల్‌లోకి ఆక్సీకరణిని కొద్దికొద్దిగా వదులుతూ, పుట్టిన ఆల్డిహైడ్‌ను వెంటనే బయటికి లాగాలి. ఈ క్రమాన్ని తిరగేయకు.

మిగతావాటికి నీరులేని పద్ధతి కావాలి. రసాయన శాస్త్రవేత్తలు కోరీ, సగ్స్ 1975లో ప్రకటించిన పీసీసీ (పిరిడినియం క్లోరోక్రోమేట్) అనే క్రోమియం ఆక్సీకరణి, డైక్లోరోమీథేన్ ద్రావణిలో బాగానే పనిచేస్తుంది. అయితే ఫ్లాస్కు అడుగున గోధుమరంగు జిగురు పట్టేస్తుంది కాబట్టి ఆ జిగురును పట్టుకునే సీలైట్ పొడి ముందే కలుపు. ఈ ఆక్సీకరణుల్లో ఉండే షడ్వాలక క్రోమియం (+6 స్థితి) క్యాన్సర్ కారకం. వేరే దారి ఉండగా దాని జోలికి వెళ్లవద్దనే నా అభిప్రాయం.

నేనైతే క్రోమియం లేని స్వెర్న్ పద్ధతినే ఎంచుకుంటాను. డీఎంఎస్‌ఓను (డైమిథైల్ సల్ఫాక్సైడ్) ఆక్జాలిల్ క్లోరైడ్‌తో మైనస్ 78 డిగ్రీల దగ్గర ఉత్తేజితం చేసి, ఆల్కహాల్‌ను చుక్కలుగా వేసి, చివర ట్రైఇథైలమీన్ కలపాలి. ఉత్తేజిత మధ్యస్థం మైనస్ 60 కంటే వెచ్చబడితే విచ్ఛిన్నమవుతుంది కనుక, అమీన్ వేసేదాకా చల్లదనం సడలనివ్వకు. డైమిథైల్ సల్ఫైడ్ దుర్గంధం నీకు వెంటనే తెలుస్తుంది కానీ, దానితోపాటు వెలువడే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసనే ఉండదు. ఫ్యూమ్ హుడ్ బయట ఈ చర్య చేయనే కూడదు.

ఆల్డిహైడ్ వచ్చాక గాలి తగలకుండా దాచి, వీలైనంత త్వరగా తరువాతి మెట్టులో వాడుకో. పాత బెంజాల్డిహైడ్ సీసా మూత చుట్టూ కనిపించే తెల్లటి స్ఫటికాలు బెంజోయిక్ ఆమ్లమే. చర్య ముగిసిన రోజునే అణువులోని హైడ్రోజన్లను గుర్తించే ఎన్‌ఎమ్‌ఆర్ వర్ణపటం తీయించు. 9, 10 పీపీఎంల మధ్య ఆల్డిహైడ్ సంకేతం ఆ రోజు బలంగా ఉండి తరువాత తగ్గితే, లోపాన్ని ఆక్సీకరణంలో కాక నిల్వలో వెతుకు.