ములాఖత్‌కు వెళ్ళే ముందు

చిరంజీవి అమ్మాయికి, పెద్దమ్మ ఆశీస్సులు.

అల్లుడిని రిమాండుకు పంపారని తెలిసినప్పటి నుంచి నీ మీదే ధ్యాస. మీ చిన్న మావయ్య రాజమండ్రి సెంట్రల్ జైలులో ఉన్న ఆరేళ్ళూ ములాఖత్‌లకు తిరిగినదాన్ని నేనే. అప్పటికి నువ్వు చిన్నపిల్లవు.

మొదటిసారి వాణ్ణి చూడగానే ఏడుపు ఆగలేదు. తేరుకునేసరికి సమయం అయిపోయింది. ఆ వారమంతా వాడికి నిద్ర లేదట. ఆ తరువాత నుంచి బయట చెట్టు కిందే ఏడ్చి, ముఖం కడుక్కుని లోపలికి వెళ్ళేదాన్ని. నువ్వూ అలాగే చెయ్యి. ఉన్న కొద్ది నిమిషాలనూ కేసు మాటలతో నింపకు. ఇంటి సంగతులు చెప్పు. వాడు నాటిన జామచెట్టు తొలి కాపు కాసిందని చెబితే, "నర్సరీవాడు ఎర్రజామ అన్నాడు, ఎర్రజామేనా?" అని ఆత్రంగా అడిగాడు. అరెస్టయ్యాక వాడి ముఖంలో వెలుగు చూసింది ఆ రోజే.

ఆధార్ కార్డు మరచిపోకు. ఏ రోజుల్లో చూడనిస్తారో బయలుదేరే ముందే ఫోన్ చేసి కనుక్కో. ఈ-ములాఖత్ వెబ్‌సైటులో ముందుగా పేరు నమోదు చేసుకోవచ్చు. వస్తానన్న రోజున మాత్రం తప్పక వెళ్ళు. పొద్దున్నే గడ్డం గీసుకుని కూర్చుంటారమ్మా వాళ్ళు.

వకీలు ఫీజుకని నగలు అమ్మకు. జైలులో ఉన్నవారికి, ఆదాయంతో పని లేకుండా, ఉచితంగా న్యాయవాదిని ఇవ్వాలని 1987 నాటి చట్టమే చెబుతోంది. కోర్టు ఆవరణలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది, వెళ్ళి అడుగు. 15100కు ఫోన్ చేసినా దారి చెబుతారు.

బాబుకు "నాన్న దుబాయ్ వెళ్ళాడు" అని చెబుతున్నావట. వద్దమ్మా. మావయ్య కూతురికి మేమూ అదే చెప్పాం. బడిలో ఎవరో నిజం చెప్పేశారు. ఆ తరువాత ఏడాది పాటు ఆ పిల్ల మేము చెప్పే మాట ఒక్కటీ నమ్మలేదు. "నాన్న జైలులో ఉన్నాడు, ఇందులో నీ తప్పేమీ లేదు, నీ మీద ప్రేమ తగ్గలేదు" అని నువ్వే చెప్పు. ఐదేళ్ళవాడికి అంతవరకు చాలు.

ఉత్తరాలు రాయి. అధికారులు చదివాకే చేతికిస్తారు కాబట్టి కేసు ప్రస్తావన తేవద్దు. నేను ప్రతి పుట్టినరోజుకూ ఆ పిల్ల పాదాన్ని కాగితం మీద పెట్టించి, చుట్టూ పెన్సిలుతో గీసి పంపేదాన్ని. విడుదలైన రోజు మీ మావయ్య తిన్నగా ఇంటికి రాలేదు. చివరి కాగితం చూపించి చెప్పుల జత కొనుక్కుని వచ్చాడు. సరిగ్గా సరిపోయాయి.

వచ్చే ములాఖత్‌కు నేనూ వస్తాను. ఆ లోపు బాబు పాదం గీసి ఉంచు.

మీ పెద్దమ్మ