హన్మకొండ–ఏటూరునాగారం బస్సులో వాంతులు: ముందు సీటు మార్చండి

ఈ బస్సులో ఆఖరి వరుసలో కూర్చుని ఫోన్ చూస్తూ వెళ్తుంటే, దారిలో పస్రా ఊరు దాటగానే కడుపులో తిప్పుతోంది, మాత్ర వేసుకున్నా ఆగట్లేదు అని మీరు అన్నారు. మీరు కూర్చునే ఆఖరి వరుసే కారణం అయ్యుంటుంది. వెనక చక్రాలు దాటిన సీట్లలో గుంత వచ్చినా, మలుపు తిరిగినా ఊపు ఎక్కువ. పైగా ఫోన్ చూస్తున్నారు. కన్ను కదలట్లేదంటుంది, చెవి లోపలి భాగం కదులుతున్నామంటుంది. ఆ గొడవకే వాంతి.

1. ముందు, వెనక చక్రాల నడుమ వరుసలో కిటికీ పక్కన కూర్చోండి. చక్రం మీది సీటు వద్దు, కాళ్లు ముడుచుకుని నడుము పట్టేస్తుంది.

2. మాత్ర. అందరూ తప్పు చేసేది ఇక్కడే. తిప్పడం మొదలయ్యాక మింగితే అది కడుపులోనే ఉండిపోతుంది, లేదా వాంతిలో పోతుంది. ప్రోమెథజైన్ (ప్రయాణంలో వాంతులు రాకుండా వేసుకునే మందు) రకమైతే బస్సు కదలడానికి గంట ముందే, ఇంట్లోనే వేసుకోండి. నిద్ర వస్తుంది, దిగాక బండి నడపొద్దు. గర్భిణులు, చిన్నపిల్లలు డాక్టర్‌ను అడక్కుండా వాడొద్దు.

3. తాడ్వాయి అడవిలో పక్కన పరుగెత్తే చెట్లను కాదు, ముందున్న రోడ్డును దూరంగా చూడండి.

4. ఖాళీ కడుపుతో పోవద్దు. రెండు ఇడ్లీలు చాలు. దారిలో మిర్చీలు మాత్రం వద్దు.

సీటు సంగతి: 2023 డిసెంబర్ 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో ఆడవాళ్లకు ఉచితం కదా, రద్దీ సహజం. తర్వాత వచ్చే ములుగు రోడ్డు స్టాపులో ఎక్కితే నిలబడాల్సి రావచ్చు. హన్మకొండ బస్టాండ్‌లోనే ఎక్కండి. నిండిపోతే తర్వాతి బస్సుకు ఆగండి, ఆఖరి వరుసకు మాత్రం ఒప్పుకోకండి.