గాలి బాగాలేని రోజున తెల్లవారుజాము నడక మంచిదేనా?

ప్రశ్న: మా నాన్నగారికి ఉబ్బసం ఉంది. గాలి నాణ్యత సూచీ బాగా పెరిగిన చలికాలపు రోజుల్లోనూ ఆయన ముక్కుకు చేతిరుమాలు కట్టుకుని తెల్లవారుజామునే నడకకు వెళ్తున్నారు. ఆపమనాలా?

జవాబు: ఆ రోజుల్లో తప్పకుండా ఆపమనండి. గాలిలోని పీఎం 2.5 అనే అతి సన్నని ధూళి, పొగ కణాలు తల వెంట్రుక మందంలో దాదాపు 30వ వంతు కంటే చిన్నవి కాబట్టి, అవి చేతిరుమాలు నేతలోంచి సులువుగా దూరిపోయి, ఊపిరితిత్తుల్లోని గాలితిత్తుల దాకా చేరతాయి. పైగా చలికాలపు తెల్లవారుజామున నేల దగ్గరి చల్లగాలిపై వెచ్చని గాలిపొర మూతలా కప్పుకుని ఉండడంతో, పొగ పైకి పోలేక మనం పీల్చే ఎత్తులోనే నిలిచిపోతుంది. సూచీ తగ్గేదాకా ఆయన ఇంట్లోనే తేలికపాటి వ్యాయామం చేయడం మేలు.

బయటికి వెళ్లక తప్పకపోతే ఎన్95 మాస్కు వాడాలి. ముక్కుపై ఉండే తీగను రెండు చేతుల వేళ్లతో నొక్కి సరిచేశాక, ఊపిరి వదిలినప్పుడు కళ్లద్దాలు మసకబారితే, గాలి అంచుల నుంచి పోతోందని అర్థం. ఇన్‌హేలర్ ఎప్పుడూ దగ్గరే ఉండాలి. ఆయాసంతో ఒక వాక్యం పూర్తిగా పలకలేకపోతే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఇంటి లోపలి పొగనూ చాలామంది పట్టించుకోరు. అగరుబత్తులు, దోమల చుట్టలు ఆ రోజుల్లో వెలిగించవద్దు. రాలిన ఆకులనూ చెత్తనూ తగలబెట్టకుండా, ఆగి ఉన్న వాహనం ఇంజిన్ ఆపేస్తే, మీ పొరుగున ఉన్న ఉబ్బస రోగికీ కొంత ఊరట కలుగుతుంది.