పళ్లెం చూసి ఉలిక్కిపడుతున్న బీగిల్‌.. క్రాసింగ్‌కు ఇవ్వవచ్చా?

ప్రశ్న: మాది కావలి. మా బీగిల్ మగకుక్కకు ఆరేళ్లు నిండాయి. చెన్నైలో పిల్లగా కొన్నాం. టీకాలన్నీ వేయించాం. నాలుగు నెలలుగా ఉన్నట్టుండి తల వెనక్కి విదిలిస్తూ ఉలిక్కిపడుతోంది. అన్నం పళ్లెం ముందు పెట్టినా, ట్యూబులైటు మినుకుమన్నా, ఎండలోకి తీసుకెళ్లినా ఎక్కువవుతోంది. ఆ సమయంలో స్పృహ తప్పదు. నిద్రలో ఏమీ ఉండదు. గత నెలలో ఒక్కసారి మాత్రం పడిపోయి కాళ్లు కొట్టుకుంది. మా అత్తగారు దిష్టి అంటున్నారు, పక్కింటివారు రేబిస్ అని భయపెడుతున్నారు. రోజూ పెరుగన్నం, బిస్కెట్లు తింటుంది. ఒంగోలులో ఒకరు దీన్ని క్రాసింగ్‌కు అడుగుతున్నారు. ఏం చేయమంటారు?
- ఒక పాఠకురాలు

జవాబు: ముందు పక్కింటివారి భయం తీర్చేద్దాం. రేబిస్ లక్షణాలు బయటపడిన కుక్క సాధారణంగా పది రోజులకు మించి బతకదు. నాలుగు నెలలుగా తిని తిరుగుతున్న కుక్కది ఆ జబ్బు కాదు. ఏటా వేయించే రేబిస్ టీకా మాత్రం మానకండి. మీ అత్తగారు దిష్టి తీస్తానంటే తీయనివ్వండి. హారతి మంటను మాత్రం కుక్క కళ్ల ముందు తిప్పవద్దని చెప్పండి. వెలుగు కదిలితే చాలు, ఉలికిపాటు వచ్చే జబ్బు ఇది అని నా అనుమానం.

జాతి బీగిల్. వయసు ఆరేళ్లు. వెలుగు, కదలిక, ముఖం మీదికి వచ్చే వస్తువు, ఇవన్నీ ఉలికిపాటును రేపుతున్నాయి. స్పృహ ఉంటోంది. ఈ నాలుగూ కలిస్తే మొదట గుర్తుకు వచ్చేది లఫోరా వ్యాధి. 1911లో గొంజాలో లఫోరా అనే స్పెయిన్ వైద్యుడు మనుషుల్లో దీన్ని వర్ణించాడు. మనుషుల్లో కౌమారంలోనే మొదలై చాలా క్రూరంగా నడుస్తుంది. కుక్కల్లో నడివయసులో వచ్చి, నెమ్మదిగా ముదురుతుంది. బీగిల్‌, గరుకు వెంట్రుకల పొట్టి డాక్స్‌హుండ్ జాతుల్లో ఎక్కువగా కనిపిస్తుంది.

తిన్న పిండిపదార్థంలో కొంత గ్లైకోజెన్‌గా మారి కణాల్లో నిల్వ ఉంటుంది. ఆ నిల్వ సక్రమంగా ఉండాలంటే మాలిన్ అనే ప్రోటీన్ కావాలి. దాన్ని తయారుచేసే జన్యువులో 12 అక్షరాల డీఎన్‌ఏ ముక్క ఒకటి మామూలుగా రెండు మూడుసార్లు వస్తుంది. జబ్బు ఉన్న కుక్కల్లో అదే ముక్క పదిసార్లకు పైగా వరుసగా వచ్చి జన్యువు పని చెడగొడుతుంది. ఈ సంగతి 2005లో బయటపడింది. మాలిన్ కొరవడితే గ్లైకోజెన్ ఎండిన గంజిలా కరగని ఉండలు కట్టి మెదడు కణాల్లో పేరుకుపోతుంది.

అయితే ఉత్తరం చూసి జబ్బు నిర్ధారించలేం. డిస్టెంపర్ అనే వైరస్ జబ్బు తర్వాత కూడా కండరాలు అదురుతాయి. కానీ అవి ఒకే చోట లయగా, తరచూ నిద్రలో కూడా అదురుతాయి. పురుగుమందు ఒంట్లోకి వెళ్లినా, రక్తంలో చక్కెర, కాల్షియం తగ్గినా వణుకు వస్తుంది. అందుకని ఫోనులో రెండు మూడు వీడియోలు తీసి దగ్గరి పశువైద్యునికి చూపించండి, రక్తపరీక్షలు చేయించండి. ఆసుపత్రి బల్ల మీద కుక్క బుద్ధిగా నిలబడుతుంది, ఒక్కసారీ ఉలిక్కిపడదు! అందుకే వీడియో. అవసరమైతే తిరుపతి పశువైద్య కళాశాలకో, చెన్నై వేపేరిలోని మద్రాసు పశువైద్య కళాశాలకో వెళ్లండి. ఎంఆర్‌ఐ ఇతర జబ్బులను తోసిపుచ్చడానికే తప్ప లఫోరాను పట్టించదు. ఖచ్చితంగా తేల్చేది జన్యు పరీక్ష, లేదా కండరం ముక్క తీసి చేసే పరీక్ష. జన్యు పరీక్ష అన్ని ల్యాబుల్లో చేసేది కాదు, నమూనా ఎక్కడికి పంపాలో కళాశాల వైద్యులను అడగండి.

జబ్బును నయం చేసే మందు లేదు. లెవెటిరాసెటమ్ వంటి మందులతో ఉలికిపాట్లు కొంత తగ్గవచ్చు. ఫినోబార్బిటోన్ పెద్ద ఫిట్స్‌కు పనికొచ్చినంతగా వీటికి పనికిరాదు. ఏ మందు మొదలుపెట్టినా వైద్యుడు చెప్పకుండా ఒక్కసారిగా ఆపకండి.

మీ చేతిలో ఉన్నది తిండి. నెల్లూరు జిల్లాలో కూర్చుని అన్నం తగ్గించమనడం నాకూ ఇబ్బందే, కానీ తప్పదు. అన్నం, రొట్టె, రాగి సంకటి, బిస్కెట్లు, అరటిపండు తగ్గించి, ఉడికించిన కోడిమాంసం, గుడ్డు, ముళ్లు తీసిన చేప, సొరకాయ, బీన్స్ వంటివి పెంచండి. దీనివల్ల జబ్బు ఆగదు గానీ, కొన్ని కుక్కల్లో ఉలికిపాట్లు తగ్గాయి. మార్పు పది పదిహేను రోజుల్లో మెల్లగా చేయండి. అన్నానికి బదులు నెయ్యి పోస్తే క్లోమం వాచే ప్రమాదం ఉంది. చేపల పులుసు మిగిలిందని పెట్టకండి, అందులోని ఉల్లి కుక్కకు విషం. ధాన్యం లేని ప్యాకెట్ తిండిలోనూ బంగాళాదుంప, బఠాణీ పిండి ఉంటాయి, అట్ట వెనక చదివి కొనండి. రోజూ మాంసమే పెడితే కాల్షియం చాలదు కాబట్టి కొలతలు వైద్యుని చేత రాయించుకోండి.

మినుకుమనే ట్యూబులైటు ఈ రోజే మార్చండి. పళ్లెం ముందుగా నేల మీద పెట్టి, తర్వాత కుక్కను పిలవండి. నడక తెల్లవారుజామునో, పొద్దు వాలాకో. కారులో హైవే మీద వెళ్లేటప్పుడు చెట్ల సందుల్లోంచి ఎండ తళుక్కుతళుక్కుమని పడుతుంది, కిటికీకి గుడ్డ కట్టండి. చవితి పందిళ్ల సీరియల్ లైట్లకు, దీపావళి టపాకాయలకు దూరంగా లోపలి గదిలో ఉంచండి. ఉలిక్కిపడినప్పుడు ఎవరైనా చేయి పెడితే కరిచే ప్రమాదం ఉంది, పిల్లలకు చెప్పి ఉంచండి. రానురాను తూలడం, చూపు మందగించడం, ఇంట్లో మూత్రం పోయడం మొదలుకావచ్చు. దాన్ని కొట్టకండి, అది మొండితనం కాదు.

క్రాసింగ్ సంగతి. ఇవ్వకండి. ఈ జబ్బు రావాలంటే తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు చెడ్డ జన్యువులూ అందాలి. ఒకటే ఉన్న కుక్క జీవితాంతం ఆరోగ్యంగా ఉంటుంది, కానీ జబ్బును మోస్తుంది. మీ కుక్కకు ఇది నిజంగా ఉంటే, పుట్టే ప్రతి పిల్లా కనీసం ఒక చెడ్డ జన్యువును మోస్తుంది. ఆడకుక్క కూడా మోసేదే అయితే సగం పిల్లలకు జబ్బు వచ్చే అవకాశం ఉంది. ఆడకుక్కను చూసి మీకది తెలియదు. పైగా లక్షణాలు ఐదారేళ్లకు గానీ బయటపడవు, అప్పటికి మగకుక్క ఎన్ని ఈతలకు తండ్రయి ఉంటుందో! మేనరికాల వల్ల వచ్చే జబ్బుల గురించి మన జిల్లాల్లో అందరికీ తెలుసు, కుక్కల దగ్గరికి వచ్చేసరికి తండ్రినీ కూతురినీ జతకట్టించి మేలుజాతి అంటాం. కెన్నెల్ క్లబ్ కాగితం వంశం చెబుతుంది, జన్యువుల ఆరోగ్యం చెప్పదు. ఒంగోలు వారికి ఈ మాట నిర్మొహమాటంగా చెప్పండి. మీకు పిల్లను అమ్మిన వారికి కూడా చెప్పండి, దీని తోబుట్టువులు ఎక్కడెక్కడ ఉన్నాయో వారికే తెలుసు.

ఈసారి పడిపోయి కొట్టుకుంటే నోట్లో చెంచా పెట్టకండి, నీళ్లు పోయకండి. గది చీకటి చేసి, తలకు ఏమీ తగలకుండా చూసి, గడియారం చూడండి. ఐదు నిమిషాలు దాటినా, ఒకే రోజు రెండోసారి వచ్చినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.