ముందు నీటి పరీక్ష, ఆ తరువాతే ఫిల్టరు

చిరంజీవి సౌభాగ్యవతి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

కొత్త ఇంట్లో కుళాయి నీరు, బోరు నీరు రెండూ వస్తున్నాయనీ, తాగడానికి ఏ యంత్రం కొనాలో చెప్పమనీ రాశావు. నీటి పరీక్షశాలలో చాలాకాలం పనిచేసినవాడిగా నేను ముందు చెప్పవలసినది ఒక్కటే: మీ నీటిలో ఏముందో తెలిసేదాకా ఏ యంత్రమూ కొనవద్దు. అన్ని మలినాలనూ తీసివేసే ఫిల్టరంటూ ఏదీ లేదు. ప్రతి పద్ధతీ కొన్నింటిని ఆపి కొన్నింటిని వదిలేస్తుంది, ఒక్కోసారి వదిలేసినవాటినే మరింత చిక్కబరుస్తుంది. మూడు నెలల పాప ఉన్న ఇల్లు కాబట్టి ఈ సంగతి నీకు కొంచెం వివరంగానే రాస్తున్నాను.

కంటికి కనిపించే మట్టి, ఇసుక, తుప్పు గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. అవి పటికతో అడుగుకు దిగుతాయి, లేదా మామూలు వడపోతలో ఆగిపోతాయి. బోరు నీరు తోడినప్పుడు తేటగా ఉండి, కాసేపటికి ఎర్రబడుతుంటే అందులో ఇనుము ఉందన్నమాట. అది రుచినీ బట్టలనూ పాడుచేస్తుంది గాని, సాధారణంగా కనిపించే మోతాదుల్లో ప్రమాదకరం కాదు. గిన్నెల అడుగున తెల్లటి పొర కట్టే కాఠిన్యమూ అంతే. జనం ఎక్కువగా బెంగపడేది ఈ రెండింటి గురించే. నిజంగా భయపడవలసినవి మాత్రం కంటికీ నాలుకకూ అందవు.

వాటిలో తక్షణం హాని చేసేవి సూక్ష్మజీవులు. మలం కలిసిన నీటికి గుర్తు ఈ-కోలై అనే బ్యాక్టీరియా. వంద మిల్లీలీటర్ల నీటిలో అది ఒక్కటి కూడా కనిపించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణం. నీరు బాగా తెర్లడం మొదలయ్యాక ఒక నిమిషం పాటు కాస్తే బ్యాక్టీరియా, వైరస్‌లు, పరాన్నజీవులు అన్నీ చస్తాయి; రెండు వేల మీటర్లకు పైన ఉన్న కొండ ప్రాంతాల్లో నీరు తక్కువ వేడికే మరుగుతుంది కాబట్టి మూడు నిమిషాలు కాచాలి. క్లోరిన్ కూడా మంచి మందే. తేట నీటిలో కలిపి అరగంట ఆగితే చాలావరకు క్రిములను చంపుతుంది, ఆపైన నిలవ ఉన్న నీటిని కూడా కాస్త కాపాడుతుంది. అయితే బురద నీటిలో వేస్తే అది ఆ మట్టితోనే ఖర్చయిపోతుంది, క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి దానికి లొంగనే లొంగదు.

కాచిన నీరు అన్ని విధాలా మంచిదన్న నమ్మకం దగ్గరే నాకు అసలు ఆందోళన. నీటిలో కరిగి ఉన్న ఫ్లోరైడ్, నైట్రేట్, ఆర్సెనిక్, సీసం కాస్తే పోవు. నీరు ఆవిరైనకొద్దీ మిగిలినదానిలో వాటి మోతాదు పెరుగుతుంది. ఎరువులు, మురుగు భూమిలోకి ఇంకే చోట బోరు నీటిలో నైట్రేట్ చేరుతుంది. లీటరుకు 50 మిల్లీగ్రాములు దాటితే ఆరు నెలల లోపు పసిబిడ్డలకు అది ప్రమాదం, ఎందుకంటే వాళ్ళ రక్తం ప్రాణవాయువును మోయగల శక్తిని కోల్పోయి ఒళ్ళు నీలిరంగుకు తిరుగుతుంది. బావి నీటికీ ఈ జబ్బుకూ ఉన్న సంబంధాన్ని అమెరికాలో ఒక వైద్యుడు 1945లోనే రాసి పెట్టాడు. అలాంటి నీటిని మరిగించి పాలపొడి కలిపే తల్లి, బిడ్డకు మేలు చేస్తున్నాననుకుంటూనే హాని చేస్తుంది.

ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఎదిగే పిల్లల పళ్ళ మీద మచ్చలు పడతాయి, అంతకు బాగా ఎక్కువైన నీటిని ఏళ్ల తరబడి తాగితే ఎముకలు, కీళ్ళు బిగుసుకుపోతాయి. ఆర్సెనిక్‌కు హద్దు లీటరుకు 0.01 మిల్లీగ్రాము మాత్రమే. అది నెమ్మదిగా చర్మాన్ని దెబ్బతీసి క్యాన్సర్ దాకా తీసుకుపోగలదు. బంగ్లాదేశ్‌లో చెరువుల, కుంటల నీటితో వచ్చే అతిసారాన్ని తప్పించడానికి గొట్టపు బావులు లక్షల సంఖ్యలో వేశారు. ఆ నీరు తేటగా ఉండేది, రోగక్రిములూ తక్కువే. ఆర్సెనిక్ కోసం మాత్రం ఎవరూ పరీక్షించలేదు. అది ఉందని 1993లో బయటపడేసరికి కోట్లమంది అదే నీటికి అలవాటుపడి ఉన్నారు. ఒక హానిని తప్పించుకోవడానికి నీటి వనరు మార్చినప్పుడల్లా కొత్త వనరును మొదటినుంచీ పరీక్షించాలని నేను పట్టుబట్టడానికి కారణం ఇదే. సీసం సంగతి వేరు. అది చాలాసార్లు నీటి వనరులో ఉండదు, దారిలో పాత పైపుల నుంచీ, అతుకుల నుంచీ, ఇత్తడి కుళాయిల నుంచీ కలుస్తుంది. అమెరికాలోని ఫ్లింట్ నగరంలో 2014లో నీటి వనరును మార్చినప్పుడు, పైపుల లోపలి పొర ఊడకుండా కలపవలసిన మందు కలపకపోవడం వల్ల ఇళ్లలోకి సీసం వచ్చింది. రాత్రంతా పైపులో నిలిచిన నీటిని పొద్దున కాసేపు వదిలేయడం, వంటకు చన్నీళ్ల కుళాయినే వాడడం ఇందుకే మంచిది.

ఇక యంత్రాలు అమ్మేవారు చేతిలో పట్టుకొచ్చే టీడీఎస్ మీటరు విషయం. అది నీటిలో విద్యుత్తు ఎంత సులువుగా పారుతుందో కొలిచి, మొత్తం కరిగిన లవణాలు ఎంత ఉండవచ్చో అంచనా చెబుతుంది, అంతే. ఆ లవణాల్లో కాల్షియం ఎంతో, ఫ్లోరైడ్ ఎంతో దానికి తెలియదు. క్రిముల సంగతి అసలే తెలియదు. టీడీఎస్ వంద ఉన్న నీటిలోనూ ఆర్సెనిక్ హద్దు దాటి ఉండవచ్చు, ఐదు వందలున్న నీరు నిక్షేపంగానూ ఉండవచ్చు. ఇంకొందరు నీటిలో రెండు లోహపు కడ్డీలు ముంచి కరెంటు పెడతారు, క్షణాల్లో నీరు ఎర్రగానో నల్లగానో మారి పైన తెట్టు కడుతుంది. ఆ రంగు మీ నీటిలోది కాదు, కడ్డీల ఇనుము కరిగి వచ్చినది. లవణాలు ఉన్న నీటిలో కరెంటు బాగా పారి కడ్డీ ఎక్కువ కరుగుతుంది, లవణాలు తీసేసిన నీటిలో కరగదు. ఈ ప్రదర్శన చూసి భయపడి యంత్రం కొనకు తల్లీ.

నమ్మకమైన పరీక్షశాలకు నమూనా పంపడమే సరైన దారి. క్రిముల పరీక్షకు వాళ్ళిచ్చే శుద్ధిచేసిన సీసానే వాడాలి, దాన్ని కడగకూడదు. అందులో ముందే వేసి ఉన్న పొడి నీటిలోని క్లోరిన్‌ను విరిచేయడానికి. కుళాయిని కాసేపు వదిలి, సీసా మూతికి వేలు తగలకుండా పట్టి, చల్లగా ఉంచి వీలైతే ఆరు గంటల లోపు అందజేయాలి. సీసం పరీక్షకు దీనికి పూర్తిగా వ్యతిరేకం: కనీసం ఆరు గంటలు కుళాయి విప్పకుండా ఉంచి, మొదట పడిన నీటినే పట్టాలి. బోరు నీటినీ కుళాయి నీటినీ విడివిడిగా పంపు; సంపులో కలిశాక పడితే ఏ లోపం దేనిదో తెలియదు.

ఫలితాలు వచ్చాక ఎంపిక కష్టం కాదు. క్రిములు మాత్రమే సమస్య అయితే అతినీలలోహిత దీపం, అంటే యూవీ, లేదా సన్నని రంధ్రాల యూఎఫ్ పొర సరిపోతుంది. యూవీ పనిచేయాలంటే నీరు తేటగా ఉండాలి, కాంతి పడిన తరువాత కలిసే క్రిములను అది ఆపలేదు. క్లోరిన్ వాసనకూ, చాలా రకాల పురుగుమందులకూ కార్బన్ ఫిల్టరు, అంటే శుద్ధిచేసిన బొగ్గు ఫిల్టరు, మంచిది గాని, ఫ్లోరైడ్, నైట్రేట్‌లను అది పట్టుకోదు. సీసం తీయడానికి కార్బన్ బ్లాక్, అంటే గట్టిగా అదిమిన బొగ్గు దిమ్మ, వాడదలిస్తే పెట్టె మీద ఎన్ఎస్ఎఫ్ అనే అమెరికా సంస్థ ఇచ్చే 53 ప్రమాణం, అందులోనూ సీసం పేరు ఉందో లేదో చూడు. 42 అని మాత్రమే ఉంటే అది రుచికీ వాసనకూ మాత్రమే. ఫ్లోరైడ్ ఒక్కటే ఎక్కువైతే దాన్ని పట్టి ఉంచే యాక్టివేటెడ్ అల్యూమినా అనే గుళికల ఫిల్టరు ఉంది.

ఆర్‌వో యంత్రం, అంటే నీటిని ఒత్తిడితో అతి సన్నని పొర గుండా నెట్టేది, ఫ్లోరైడ్, నైట్రేట్, సీసం, ఉప్పదనం అన్నింటినీ బాగా తగ్గిస్తుంది. ఆర్సెనిక్ విషయంలో ఒక జాగ్రత్త ఉంది: బోరు నీటిలో ఎక్కువగా ఉండే ఒక రూపం పొర దాటిపోగలదు, ముందు క్లోరిన్ వంటి దానితో దాని రూపం మార్చాలి. క్లోరిన్ ఆర్‌వో పొరను పాడుచేస్తుంది కాబట్టి నడుమ కార్బన్ ఉండాలి. ఆర్‌వో ఒక లీటరు ఇచ్చేసరికి రెండు మూడు లీటర్లు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ బయటికి వదిలేస్తుంది. ఒంటికి మేలుచేసే కాల్షియం, మెగ్నీషియంలనూ తీసేస్తుంది. అందుచేత అవసరం రుజువైతే తప్ప దాన్ని పెట్టవద్దనే నా అభిప్రాయం. లవణాలు లీటరుకు 600 మిల్లీగ్రాముల లోపు ఉండి, విషపదార్థాలేవీ హద్దు దాటని నీటికి ఆర్‌వో పెట్టడం దుబారా.

ఏది పెట్టినా దాని సంరక్షణ నీదే. ఫిల్టరు లోపల మార్చే డబ్బా, అంటే కార్ట్రిడ్జ్, గడువు దాటితే అందులోని కార్బన్ మలినాలను పట్టడం మానేస్తుంది, దాని మీదే బ్యాక్టీరియా పెరుగుతుంది. యూవీ దీపం వెలుగుతూ కనిపించినా ఏడాదికి, అంటే సుమారు తొమ్మిది వేల గంటలకు, చంపే శక్తి తగ్గిపోతుంది. టీడీఎస్ మీటరుకు నిజమైన ఉపయోగం ఇక్కడ ఉంది: ఆర్‌వోలోకి పోయే నీటినీ వచ్చే నీటినీ నెలకోసారి కొలిచి రాసుకుంటే, తేడా తగ్గుతున్నప్పుడు పొర అరిగిందని తెలుస్తుంది. శుద్ధిచేసిన నీటిని మూత ఉన్న, అడుగున కుళాయి ఉన్న పాత్రలో ఉంచు. చేయి ముంచి గ్లాసుతో తోడితే ఇంత పడిన కష్టమూ వృథాయే. వానలు పడ్డాక బోరు నీటికి క్రిముల, నైట్రేట్ పరీక్షలు మళ్ళీ చేయించు.

నమూనా ఇచ్చేటప్పుడు ఈ-కోలై, ఫ్లోరైడ్, నైట్రేట్, ఆర్సెనిక్, సీసం, ఇనుము, కాఠిన్యం, మొత్తం లవణాలు అని కాగితం మీద రాసి ఇవ్వు. ఫలితాలు రాగానే నాకు పంపితే ఆ అంకెలు చూసి ఏది కొనాలో చెబుతాను. అప్పటిదాకా పెద్దవాళ్ళు కుళాయి నీటినే కాచి తాగండి. నైట్రేట్ సంగతి తేలేవరకు పాపకు పాలపొడి కలపడానికి బోరు నీరు, కాచినది సరే, కాచనిది సరే, వాడవద్దు.

ఇట్లు,
మీ మామయ్య