కథ పక్కదారి పట్టినప్పుడు

చిరంజీవికి, నల్లగొండ నుంచి చిన్నాయన ఆశీస్సులు.

మహబూబ్‌నగర్‌లో నీ స్నేహితులతో ఆదివారాలు పాత్రధారణ ఆట (ఒకరు కథ నడిపిస్తుంటే, మిగతావాళ్లు తమ పాత్రలు ఏం చేస్తాయో చెప్పే ఆట) నడిపించబోతున్నానని, అందుకోసం 40 పేజీల కథ సిద్ధం చేశానని రాశావు. సంతోషమే, అందులో 30 పేజీలు పక్కన పెట్టమంటే మాత్రం కోపం తెచ్చుకోకు.

కొత్తలో నేనూ అలాగే దేవరకొండ కోటను తీసుకొని, రేచర్ల పద్మనాయకుల కాలంలో జరిగినట్టుగా ఒక దొంగతనాన్ని కల్పించి, సొరంగం దాకా ప్రతి మలుపూ రాసుకొన్నాను. ఆటగాళ్లేమో గుట్ట కింద మేకలు కాసే ముసలాయన దగ్గరే ఆగిపోయి, తప్పిపోయిన మేకను వెతుకుతామని పట్టుబట్టారు. నేను వాన కురిపించి, ముసలాయనను ఇంటికి పంపించి, వాళ్లను కోటలోకి తోలాను. ఆ తరువాత పాచికలు వేయమంటే వేశారు, అంతే. ఎవరూ నోరు విప్పలేదు.

ఇప్పుడైతే ఆ మేక సొరంగం మూతి దగ్గరే దొరుకుతుంది, దాని కొమ్ముకు దొంగ తలపాగా పీలిక ఒకటి చిక్కుకొని ఉంటుంది. ముసలాయన పేరేమిటని అడిగితే, అడిగినవాళ్లనే పెట్టమంటాను. తాము పెట్టిన పేరును వాళ్లు మరిచిపోరు. నేను మరిచిపోతాను కనుక అక్కడికక్కడే నోటుబుక్కులో రాసుకొంటాను.

కాబట్టి జరగబోయేది కాదు, ఎవరికి ఏం కావాలో రాసుకో. దొంగ ఆశ ఏమిటి, కావలివాని భయం ఏమిటి, ఎవరూ అడ్డుపడకపోతే తెల్లారేసరికి ఏమవుతుంది అన్నవి తెలిస్తే, వాళ్లు ఎటు మళ్లినా నీవు తడుముకోవు.

అయితే దారిలో ముఠా కాపుకాసిందని పసిగట్టి వాళ్లు వేరే బాట పడితే, ఆ ముఠానే అక్కడికీ తేవడం మోసం. వాళ్లు ఇంకా చూడనిదాన్ని ఎక్కడికైనా జరుపు. తెలివితో తప్పించుకొన్నదాన్ని జరపకు.

1974 నాటి డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే పాత్రధారణ ఆట బాటలో వచ్చిన ఆటే నీదీ కనుక, ఆటగాడి ప్రయత్నం ఫలించిందో లేదో తేల్చే 20 ముఖాల పాచిక గురించీ ఒక మాట. తలుపు తెరుచుకోకపోతే కథే ఆగిపోయే చోట, అన్నిటికన్నా తక్కువైన 1 పడినా తలుపు తెరుచుకోనివ్వు. ఆ కిర్రుమన్న చప్పుడుకు కావలివాణ్ని నిద్రలేపు.

ఏమీ తోచకపోతే సిగ్గుపడకుండా చాయ్ పెట్టించు, ఆ పది నిమిషాల్లో ఏదో ఒకటి తోస్తుంది. వచ్చే ఆదివారం నేనూ వస్తున్నాను. మేకలు కాసేవాడిదైనా సరే, నాకొక పాత్ర అట్టిపెట్టు.

ఇట్లు,
చిన్నాయన